తర్వాతి రోగి కోసమైనా అడగాలి

డాలస్ శివార్లలో ఒక సర్జన్ రెండేళ్లలోపే ముప్పై మందికి పైగా రోగుల జీవితాలు ఛిద్రం చేశాడు. ఒక ఆసుపత్రి అతన్ని వదిలించుకుంటే మరొకటి చేర్చుకుంది. వైద్యంలో తప్పు జరిగితే ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి? అడగకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుంది? ఆ శివార్లలోని కాపెల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతులివి.

2012 జులై చివరి వారం. కాపెల్ నుంచి తూర్పుగా కారులో కాసేపు వెళ్తే వచ్చే ఫార్మర్స్ బ్రాంచ్‌లో, డాలస్ మెడికల్ సెంటర్‌లో ఒక మహిళకు మెడ దగ్గర వెన్నెముక ఆపరేషన్ జరిగింది. మర్నాటికి ఆమె స్పృహలో లేదు. ఆమె ఐసీయూలో ఉండగానే, అదే సర్జన్ 74 ఏళ్ల వృద్ధురాలికి నడుం దగ్గర మరో ఆపరేషన్ మొదలుపెట్టాడు. మొదటి మహిళ ప్రాణాలు దక్కలేదు. రెండో ఆమె ఇక లేచి నడవలేకపోయింది.

ఆ వృద్ధురాలికి మళ్లీ ఆపరేషన్ చేసి సరిదిద్దమని రాబర్ట్ హెండర్సన్ అనే అనుభవజ్ఞుడైన సర్జన్‌ని పిలిచారు. ఎముకకు బిగించాల్సిన లోహపు భాగాలు కండలో ఉన్నాయి. ఒక నరం మొదలంటా తెగి ఉంది. చూసిన హెండర్సన్‌కి వచ్చిన మొదటి అనుమానం, ఈ పని చేసినవాడు అసలు డాక్టరేనా అని. ఎవరో దొంగ పేరుతో వచ్చాడేమోనని ఆ సర్జన్ చదువుకున్న టెనెసీ విశ్వవిద్యాలయానికి ఫొటో పంపి మరీ వాకబు చేశారు. వాళ్లు అతను తమ విద్యార్థేనన్నారు. అతని పేరు క్రిస్టఫర్ డంచ్. ఎండీ, పీహెచ్‌డీ రెండూ ఉన్న న్యూరోసర్జన్.

వదిలించుకున్నారే గానీ ఆపలేదు

డంచ్ 2011లో ప్లేనోలోని బేలర్ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ అతని చేతిలో ఒక రోగి మెడ కింది నుంచి చచ్చుబడిపోయాడు. 2012 మార్చిలో మరో రోగి మామూలు వెన్నెముక ఆపరేషన్‌కి వెళ్లి రక్తస్రావంతో చనిపోయింది. ఏప్రిల్‌లో ఆసుపత్రి అతన్ని రాజీనామా చేసి వెళ్లనిచ్చింది. అతనిపై ఎలాంటి ఆంక్షలూ లేవన్న ఉత్తరం కూడా చేతికిచ్చింది.

అమెరికాలో నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ అని ఒకటుంది. కాంగ్రెస్ 1986లో చేసిన చట్టంతో పుట్టి 1990 నుంచి పనిచేస్తోంది. ఒక డాక్టర్‌కి వైద్యం చేసే హక్కులను ఆసుపత్రి ముప్పై రోజులకు మించి నిలిపివేసినా, విచారణ నడుస్తుండగా అతను రాజీనామా చేసినా ఆ సంగతి అందులో నమోదు కావాలి. కొత్తగా చేర్చుకునే ఆసుపత్రి దాన్ని చూసుకోవాలి. దాని ఉద్దేశమే ఒక ఊళ్లో తప్పు చేసినవాడు ఇంకో ఊళ్లో కొత్త బోర్డు తగిలించకుండా చూడటం. బేలర్ నుంచి డంచ్ నిష్క్రమణ కబురు ఆ బ్యాంకుకి చేరలేదు. మూడు నెలలు తిరిగేసరికి అతను డాలస్ మెడికల్ సెంటర్ ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. అక్కడ వారం లోపే ఇద్దరు రోగులు బలయ్యాక పంపించేశారు. అతను మళ్లీ వేరే చోట్ల కత్తి పట్టాడు.

హెండర్సన్, ఆయనతో పాటు రాండల్ కర్బీ అనే మరో సర్జన్ టెక్సస్ మెడికల్ బోర్డును పదేపదే హెచ్చరించారు. బోర్డు అతని లైసెన్సును నిలిపివేసింది 2013 జూన్‌లో. అప్పటికి అతను 38 మందికి ఆపరేషన్లు చేశాడు. ముప్పై మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారు, ఇద్దరు చనిపోయారు. 2017 ఫిబ్రవరిలో డాలస్ కౌంటీ జ్యూరీ ఆ వృద్ధురాలి కేసులో అతన్ని దోషిగా తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది. వైద్యం చేస్తూ చేసిన హానికి ఒక డాక్టర్ జీవితాంతం జైలుకెళ్లడం అమెరికాలో అత్యంత అరుదు.

డంచ్ రాక్షసుడని చెప్పుకుని ఊరుకుంటే మనం ఏమీ నేర్చుకోనట్టే. అలాంటివాడు ఎక్కడైనా ఒకడుంటాడు. అతన్ని మొదటి రోగి దగ్గరే ఆపగలిగిన సంస్థలు పరువు గురించి, దావాల గురించి ఆలోచించి గుట్టుచప్పుడు కాకుండా సాగనంపాయి. ఆ మౌనానికి మూల్యం చెల్లించింది తర్వాతి రోగి. వైద్యంలో జవాబుదారీతనం గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి తేలేది ఇదే. జరిగిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. నిజం బయటికొస్తే తర్వాతి రోగి బతుకుతాడు.

జీతం లేని ప్రాణం

ఆ రోగులు ఆసుపత్రుల మీద దావా వేయలేదా? వేశారు. కానీ టెక్సస్‌లో ఆ దారి చాలా ఇరుకు. అసమర్థుడైన డాక్టర్‌ని చేర్చుకుందని ఆసుపత్రిని కోర్టుకీడ్చాలంటే ఏమరుపాటుతో చేర్చుకుందని చూపిస్తే చాలదు, దురుద్దేశం ఉందని నిరూపించాలి. 1997లో సెయింట్ లూక్స్ ఆసుపత్రి వర్సెస్ అగ్బోర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఆసుపత్రి లోపలి చర్చలు, విచారణల కాగితాలేమో గోప్యం. దురుద్దేశం నిరూపించాల్సింది రోగి, ఆధారాలుండేది ఆసుపత్రి బీరువాలో.

2003లో గవర్నర్ రిక్ పెర్రీ హయాంలో వచ్చిన హౌస్ బిల్ 4 ఆ దారిని మరింత బిగించింది. ఆ సెప్టెంబరులో ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో ఆమోదించిన రాజ్యాంగ సవరణ దానికి అండగా నిలిచింది. ఈ చట్టం ప్రకారం వైద్య ఖర్చులకు పరిమితి లేదు, రోగి బతికి ఉంటే పోయిన జీతానికీ లేదు. కానీ నొప్పికి, వైకల్యానికి, మనిషి లేని లోటుకి ఇచ్చే పరిహారం మీద గట్టి పరిమితి ఉంది. డాక్టర్లు ఎందరున్నా అందరి నుంచీ కలిపి 2,50,000 డాలర్లు. ఆసుపత్రుల నుంచి కలిపితే మొత్తం 7,50,000 డాలర్లకు మించదు. ధరలతో పాటు ఈ అంకె పెరగదు. ఆనాటి 2,50,000 డాలర్ల విలువ నిలవాలంటే ఇవాళ అది నాలుగు లక్షలు దాటాలి. టెక్సస్‌కి దారి చూపిన కాలిఫోర్నియా 1975లో ఇదే అంకెతో పరిమితి పెట్టి, 2022లో దాన్ని ఏటా పెరిగేలా మార్చుకుంది. టెక్సస్ మార్చుకోలేదు.

కాపెల్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకరు. హెచ్‌4 వీసా మీద ఉండి, ఉద్యోగం చేసే వీల్లేని మరొకరు. బడికెళ్లే పిల్లలు. పురిటికో, మనవడి పుట్టినరోజుకో ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు. ఇంట్లో ఐదారుగురుంటే జీతం ఒక్కరిదే. ఆ ఒక్కరికి హాని జరిగితే పోయిన ఆదాయం లక్షల డాలర్లలో తేలుతుంది. మిగతావారికి జరిగితే అలా చూపించడానికి పెద్దగా అంకె ఉండదు. ఇంటి పనికి విలువ కట్టించవచ్చు గానీ, దాన్ని నిరూపించడం కష్టం, వచ్చే మొత్తమూ తక్కువ. ఇక మిగిలేది ఆ పరిమితి ఉన్న పరిహారమే.

దావా వేశాక ప్రతివాది సమాధానం దాఖలు చేసిన 120 రోజుల్లోగా నిపుణుడైన మరో డాక్టర్ నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే కేసు కొట్టేస్తారు, అవతలివారి లాయరు ఖర్చులూ నెత్తిన పడతాయి. నిపుణులకే వేల డాలర్లవుతాయి. అందుకే వచ్చే పరిహారంలో వాటా తీసుకుని పనిచేసే లాయర్లు జీతం లేని మనిషి కేసంటే వెనకాడతారు. ఎమర్జెన్సీ గదిలో జరిగిన తప్పయితే మామూలు నిర్లక్ష్యం చాలదు, ప్రమాదం తెలిసి కూడా లెక్కచేయలేదని చూపించాలి. మన ఇళ్లలో ఎక్కువమంది ఈ చట్టం కంటికి ఆనని మనుషులే.

ఈ విషయంలో మన దేశపు న్యాయస్థానం ఒక మంచి మాట చెప్పింది. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ అనే రోడ్డు ప్రమాదం కేసులో, ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి సుప్రీంకోర్టుకు ఎదిగిన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా తీర్పు రాస్తూ, గృహిణి శ్రమకు ఆదాయం లెక్కకట్టడం ఆ శ్రమను సమాజం గుర్తించడమేనని వివరించారు. జీతం స్లిప్పు లేనంత మాత్రాన ప్రాణం చవక కాదన్న సూత్రం టెక్సస్ చట్టంలోకీ రావాలి.

డాక్టర్ల బల్లకి అటువైపు

కాపెల్, అర్వింగ్, ఫ్రిస్కో తెలుగు ఇళ్లలో రోగులే కాదు, డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల మాట వినకుండా ఈ కథనం పూర్తి కాదు. 2003కి ముందు టెక్సస్‌లో బీమా ప్రీమియంలు విపరీతంగా పెరిగి, ప్రసవాలు చేసే డాక్టర్లు, న్యూరోసర్జన్లు కొన్ని ప్రాంతాల్లో పని మానుకున్నారు. చట్టం వచ్చాక ప్రీమియంలు బాగా తగ్గాయి. అది నిజమైన ఊరట. ప్రతి చెడు ఫలితమూ నిర్లక్ష్యం కాదన్నదీ నిజమే. సరైన వైద్యం అందినా మనిషి దక్కకపోవచ్చు.

ఇంకో నిజం కూడా ఉంది. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ విడుదల చేసిన నివేదిక, ఆసుపత్రుల్లో తప్పుల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. వాటిలో ఎక్కువ భాగం చెడ్డ మనుషుల వల్ల జరిగేవి కావని, ఒకేలా కనిపించే మందు సీసాలు, షిఫ్టు మారేటప్పుడు అందని సమాచారం, హెచ్చరికలు పట్టించుకోని యంత్రాంగం లాంటి వ్యవస్థ లోపాల వల్ల జరిగేవని చెప్పింది.

నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో 2017 డిసెంబరులో ఒక నర్సు మత్తు మందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చింది, రోగి చనిపోయింది. నర్సు తన పొరపాటును తానే చెప్పింది. ఆసుపత్రి మాత్రం ఆ సంగతి నియంత్రణ సంస్థలకు తెలపలేదు. ఒక అజ్ఞాత ఫిర్యాదుతో మరుసటి ఏడాది బయటపడింది. 2022లో జ్యూరీ నర్సును దోషి అంది, జడ్జి మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. నిజం చెప్పిన ఒంటరి మనిషి బోనెక్కింది. దాచిన సంస్థ నుంచి బోనెక్కినవారు లేరు. ఇలాంటి శిక్ష చూసిన ఏ నర్సు రేపు నోరు విప్పుతుంది? జవాబుదారీతనం ఉద్యోగిని మాత్రమే వెతికి, సంస్థను వదిలేస్తే తర్వాతి రోగికి ముప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఒప్పుకుంటే కొంపలు మునగవు

2014 సెప్టెంబరులో లైబీరియా నుంచి డాలస్ వచ్చిన థామస్ ఎరిక్ డంకన్ జ్వరంతో టెక్సస్ హెల్త్ ప్రెస్బిటీరియన్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాడు. ఆఫ్రికా నుంచి వచ్చానన్నా యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపారు. రెండు రోజులకు అంబులెన్సులో తిరిగొచ్చాడు. ఎబోలా. అక్టోబరు 8న చనిపోయాడు. సేవ చేసిన ఇద్దరు నర్సులకూ సోకింది, ఇద్దరూ కోలుకున్నారు. అదే నెలలో ఆసుపత్రి ఉన్నతాధికారి డాక్టర్ డేనియల్ వార్గా కాంగ్రెస్ కమిటీ ముందు తప్పులు జరిగాయని ఒప్పుకుని క్షమాపణ కోరారు. నవంబరులో కుటుంబంతో రాజీ కుదిరింది. ఎమర్జెన్సీ తప్పులపై చట్టం ఆసుపత్రికి ఎంత రక్షణ ఇచ్చినా, ప్రపంచమంతా చూస్తున్నప్పుడు నిజం చెప్పడం సాధ్యమైంది. ఎవరూ చూడని కుటుంబానికీ అదే మర్యాద దక్కాలి.

అది సాధ్యమేనని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు నిరూపించాయి. 2001 నుంచి అక్కడ తప్పు జరిగితే ముందుగా కుటుంబానికి చెప్పడం, క్షమాపణ కోరడం, తామే పరిహారం ఇవ్వజూపడం మొదలుపెట్టారు. 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి లక్ష సందర్శనలకు కొత్త క్లెయిములు సుమారు 7 నుంచి 4.5కి తగ్గినట్టు తేలింది. నిజం చెబితే దావాలు వెల్లువెత్తుతాయన్న భయం అక్కడ వమ్మయింది. చాలా కుటుంబాలు కోర్టు మెట్లెక్కేది ఏం జరిగిందో ఎవరూ చెప్పనప్పుడే.

హైదరాబాద్‌లో పందొమ్మిదేళ్లు

అమెరికాలో కష్టం గానీ ఇండియాలో అయితే అసలు దిక్కే లేదని చాలామంది అనుకుంటారు. నిమ్స్ వర్సెస్ ప్రశాంత్ ధనంక కేసు చదివితే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. ప్రశాంత్ 1990లో హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి. జ్వరం తగ్గక నిమ్స్ ఆసుపత్రికి వెళితే ఛాతీలో వెన్నుకు ఆనుకుని కణితి ఉందన్నారు. పరీక్ష కోసమని అనుమతి తీసుకుని కణితి మొత్తం తీసేశారు. వెన్నెముక దాకా వచ్చిన కణితి అయినా న్యూరోసర్జన్‌ని పిలవలేదు. ఆపరేషన్ తర్వాత అతని నడుం కింది భాగం చచ్చుబడిపోయింది.

1999లో జాతీయ వినియోగదారుల కమిషన్ 15.5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. ప్రశాంత్ ఆ తర్వాత ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం చేస్తూ, చక్రాల కుర్చీలో సుప్రీంకోర్టుకు వచ్చి తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మే నెలలో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. ఆపరేషన్ నుంచి అంతిమ తీర్పు దాకా పందొమ్మిదేళ్లు. ఆ తలుపు తెరిచింది 1995 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత తీర్పు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అది స్థిరపరిచింది. కోల్‌కతాలో జరిగిన వైద్యం వికటించి మరణించిన అనురాధా సాహా కేసులో 2013లో ఆమె భర్త, అమెరికాలో స్థిరపడిన డాక్టర్ కునాల్ సాహాకి సుమారు ఆరు కోట్ల రూపాయలు, వడ్డీ ఇవ్వమంది సుప్రీంకోర్టు. దావా వేసి గెలిచిన ఆ భర్త స్వయంగా డాక్టర్.

అక్కడ పరిహారానికి టెక్సస్‌లోలా పరిమితి లేదు, తీర్పు రావడానికి పట్టే కాలానికి మాత్రం హద్దు లేదు. ఇక్కడ పరిహారానికే హద్దుంది. రెండు చోట్లా రోగి కుటుంబమే మొండిపట్టు పట్టాలి.

"పోయిన మనిషి తిరిగొస్తాడా?"

మన ఇళ్లలో ఇలాంటిది జరిగితే ముందు వినిపించే మాటలు ఇవే. పోయిన మనిషి తిరిగొస్తాడా? డాక్టర్లతో మనకెందుకు గొడవ? ఏం చేస్తాం, రాత అలా ఉంది. ఆ మాటల్లో దుఃఖం ఉంది, అలసట ఉంది, వీసా భయం కూడా ఉంది. వాటిని తప్పుపట్టలేం. కానీ డంచ్ చేతిలో పడిన మొదటి కుటుంబాల దగ్గరికే నిజం చేరి ఉంటే, ఆసుపత్రి నోరు విప్పి ఉంటే, ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఆ ఇద్దరు మహిళలకు ఆ గతి పట్టేది కాదు. రాత అనుకుని ఊరుకున్న చోట తర్వాతి ఇంటి రాత మనమే రాస్తున్నాం.

అడగడమంటే డాక్టర్‌ని నిలదీయడమే కానక్కర్లేదు. నోరు విప్పిన హెండర్సన్, కర్బీ కూడా డాక్టర్లే. 2023లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 1998ని ఆమోదించింది. వేరే రాష్ట్రంలో లైసెన్సు రద్దయిన డాక్టర్‌కి ఇక్కడ లైసెన్సు ఇవ్వకూడదని, మెడికల్ బోర్డు డేటా బ్యాంకును క్రమం తప్పకుండా చూడాలని ఆ చట్టం చెబుతోంది. దాన్ని ప్రవేశపెట్టిన జూలీ జాన్సన్ అప్పట్లో కాపెల్ ఉన్న నియోజకవర్గానికే ప్రతినిధి. ఊరి ప్రతినిధి తలుచుకుంటే చట్టం మారుతుందనడానికి అది తార్కాణం. మన సంఘాలు వినాయక చవితి, బతుకమ్మ వేడుకలకు పెట్టే శ్రద్ధలో కొంత ఇటు పెడితే, మిగిలిన లోపాల మీదా ఆ ప్రతినిధులను కదిలించవచ్చు.

కాపెల్ కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

దుబాసీని అడగండి. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు తెలుగు దుబాసీని ఉచితంగా, ఫోన్లోనైనా ఏర్పాటు చేయాలి. అమ్మ ఛాతీ నొప్పిని పదేళ్ల మనవరాలు ఇంగ్లిషులో చెప్పే పరిస్థితి రానివ్వకండి. చాలా తప్పులు ఆ అనువాదంలోనే మొదలవుతాయి.

డాక్టర్ గురించి చూసుకోండి. డేటా బ్యాంక్ ప్రజలకు కనిపించదు గానీ, టెక్సస్ మెడికల్ బోర్డు వెబ్‌సైట్లో డాక్టర్ పేరు కొడితే లైసెన్సు, క్రమశిక్షణ చర్యల వివరాలు వస్తాయి.

రికార్డులు వెంటనే తీసుకోండి. హిపా అనే ఫెడరల్ చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే సాధారణంగా ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అమ్మానాన్నలు తిరిగి వెళ్లేలోపే మీకు చూసే హక్కు ఇస్తూ వాళ్ల సంతకం తీసుకోండి. ఇండియాలో వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి.

గడువు మరవకండి. టెక్సస్‌లో దావా గడువు మామూలుగా రెండేళ్లు. అదీ తప్పు తెలిసిన రోజు నుంచి కాదు, జరిగిన రోజు లేదా ఆ చికిత్స ముగిసిన రోజు నుంచి. ఇండియాలో వినియోగదారుల కమిషన్లకూ గడువు రెండేళ్లే.

లాయరు కాదన్నా ఆగకండి. డాక్టర్ మీద మెడికల్ బోర్డుకి, నర్సు మీద నర్సింగ్ బోర్డుకి, ఆసుపత్రి మీద రాష్ట్ర ఆరోగ్య, మానవ సేవల కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. వీటిలో డబ్బు రాదు. కానీ మీ ఫిర్యాదు ఆ ఫైల్లో ఉంటుంది.

ఆ ఫైల్లో మీ కాగితం రెండోదో మూడోదో కావచ్చు. బోర్డు కదలడానికి అదే కారణం కావచ్చు. చట్టసభలు పరిమితిని ధరలతో ముడిపెట్టాలి, ఆసుపత్రులు దురుద్దేశం అనే కవచం వెనక దాక్కునే వీలు తొలగించాలి, తప్పు చెప్పిన ఉద్యోగికి రక్షణ ఇవ్వాలి. అవి జరిగేదాకా మనం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఏం జరిగిందో చెప్పమని కుటుంబం అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. అడగండి, రాసి అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. ఆ జవాబు రేపు ఆసుపత్రి గడప తొక్కే ఎవరికైనా రక్ష.